పేగు ఆపరేషన్‌కి ముందు కడుపు కడగడం అవసరమేనా?

తెనాలి_కోడలు: మా మామయ్యగారికి సోమవారం ఆపరేషన్. పెద్దపేగు కుడివైపు గడ్డ. 74 ఏళ్లు, షుగర్ ఉంది. పేగు ఖాళీ అవడానికి ముందురోజు రెండు లీటర్ల పౌడర్ నీళ్లు తాగించమన్నారు. ఇంకో డాక్టరేమో అది అక్కర్లేదంటున్నారు. షుగర్ మాత్రలు ఆపాలా?

ఓరుగల్లు_బిడ్డ: పోయినేడు నేను తాగాను. మూడో గ్లాసుకే వాంతి. రాత్రంతా బాత్రూమ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నా. నిమ్మరసం పిండుకుంటే కాస్త దిగుతుంది. దానిమ్మ మాత్రం వద్దు.

బస్తీ_బాబాయ్: ఎందుకొద్దు? మా ఆవిడకి అదే ఇచ్చాం.

ఓరుగల్లు_బిడ్డ: లోపల ఎర్రగా కనిపిస్తే రక్తమనుకుంటారు.

బస్తీ_బాబాయ్: అది పేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే కొలనోస్కోపీకమ్మా! కోసి చూసేవాళ్లకి రంగుతో పనేంటి?

ఓరుగల్లు_బిడ్డ: మా వార్డులో చీటీ మీద రాసిచ్చారు. మీరు సర్జనా?

థియేటర్_సిస్టర్: 22 ఏళ్లుగా థియేటర్లో ఉన్నా, నన్నడగండి. పేగు ఖాళీగా ఉంటే పట్టుకోవడం తేలిక. సగం సగం కడిగి వస్తేనే తంటా. గట్టిది కాస్తా నీళ్లయి కోసినచోట కారుతుంది.

లీడ్స్_తెలుగోడు: తేలిక మీకు సిస్టర్ గారూ, పేషెంటుకేంటి? వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2011 సమీక్షలో 18 ట్రయల్స్, 5,805 మంది. కడిగినవాళ్లకీ కడగనివాళ్లకీ కుట్టు లీకవడంలో గానీ, గాయం చీము పట్టడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

థియేటర్_సిస్టర్: సగమే చెప్తారేం? 2016లో డబ్ల్యూహెచ్‌వో వద్దన్నది ఉత్త కడగడాన్ని. నోటి యాంటీబయాటిక్స్ కలిపి ఇమ్మంది.

లీడ్స్_తెలుగోడు: 2019లో ఫిన్లాండ్ వాళ్లు అదీ చూశారు. పెద్దపేగు ఆపరేషన్లలో రెండూ కలిపి ఇచ్చినా ఇన్ఫెక్షన్ తగ్గలేదు. రెక్టం, అంటే పేగు చివరి భాగం, దాని కథ వేరు, దాన్ని ఇందులో కలపకండి.

థియేటర్_సిస్టర్: ఫిన్లాండ్ వార్డు వేరు, మా వార్డు వేరు. ఒకసారి వచ్చి నిలబడి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

రాజమండ్రి_రాజా: మా నాన్నకి పేగు మూసుకుపోయి రాత్రికి రాత్రే కోశారు. కడగడం ఊసే లేదు. ఇప్పుడు పొట్టమీద రంధ్రం, దానికి మలం పట్టే బ్యాగ్. చుట్టూ చర్మం ఒరుసుకుపోతోంది, ఏ పేస్టు వాడుతున్నారు?

ఓరుగల్లు_బిడ్డ: ముందు ఆ రంధ్రం కొలత సరిచూడండి అన్నా. బ్యాగ్ పెద్దగా కత్తిరిస్తే చర్మానికి మలం తగులుతుంది. నాకూ అదే అయింది.

తెనాలి_కోడలు: షుగర్ మాత్రల గురించి ఒక్కరూ చెప్పలేదు. మత్తు డాక్టర్‌కే ఫోన్ చేస్తున్నా.

బస్తీ_బాబాయ్: పనిలో పనిగా దానిమ్మ సంగతీ అడుగమ్మా.