మధ్యలో నల్ల కాగితం పెట్టినా క్వాంటమ్ డాట్స్ ఎందుకు వెలుగుతున్నాయి?

655 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలిగే క్వాంటమ్ డాట్స్‌ను (కాంతి పడితే తమ రంగులో వెలిగే అతి చిన్న కణాలు) ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థంతో వెలిగించి, చీకటి పెట్టెలో ఫొటో తీస్తున్నాను. దాన్నుంచి వచ్చే చెరెన్కోవ్ కాంతి (నీళ్ల లాంటి వాటిలో కాంతి కంటే వేగంగా దూసుకెళ్లే కణాల వల్ల పుట్టే వెలుగు) ఎక్కువగా నీలం వైపే కదా, దాన్ని కణజాలం మింగేస్తుంది. ఎరుపుగా మారిస్తే ఇంకాస్త లోతు నుంచి బయటికి వస్తుందని ఆశ.

చిక్కేమిటంటే, రెండింటినీ వేర్వేరు ట్యూబుల్లో పోసి మధ్యలో నల్ల కాగితం పెట్టాను. వెలుగు బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఫ్లోరిన్ వల్ల వచ్చే 511 కేఈవీ (శక్తి కొలత) గామా కిరణాలకు కాగితం ఒక లెక్కా! మిగిలిన వెలుగు వాటి పనేనా, లేక ట్యూబు ప్లాస్టిక్కే మెరుస్తోందా?

ఇంకో రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం గామా 140 కేఈవీయే. నీళ్లలో చెరెన్కోవ్‌కు ఎలక్ట్రాన్‌కి సుమారు 261 కేఈవీ ఉండాలి. అంటే దాంతో చెరెన్కోవ్ పుట్టదు, అందుకే దాన్ని పోలిక కోసం కంట్రోల్‌గా వాడొచ్చా? ఫ్లోరిన్ 110 నిమిషాలకే సగమైపోతుంది, ప్రతిసారీ టెన్షనే. ఈ పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.