సూర్యలంకకు 45 మందిమి ఒక్క బస్సులో: ఏమేం చూసుకోవాలి?

అరండల్‌పేట
ఈసారి మా అపార్ట్‌మెంటు కార్తీక వనభోజనాలు సూర్యలంక బీచ్‌లో అనుకున్నాం. గుంటూరు నుంచి 45 మందిమి, అందులో 15 మంది పిల్లలు. తెల్లవారుజామున వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలి. ఎక్కడ ఇబ్బంది పడతామో తెలిసినవాళ్లు చెప్పండి.

సరుగుడుతోట
ముందు తేదీ చూసుకోండి. పౌర్ణమి, ఆదివారాలు వద్దు. ఇసకేస్తే రాలనంత జనం, బస్సును ఎక్కడో దూరంగా ఆపాల్సి వస్తుంది. గిన్నెలు మోసుకుంటూ పెద్దవాళ్లతో నడవడం కష్టం. రెండో శనివారం నయం.

బాపట్ల దాకా సుమారు 50 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి బీచ్ 9. నవంబరులో ఆరుంబావుకల్లా సూర్యోదయం, కాబట్టి నాలుగింటికే బస్సు కదలాలి. సాయంత్రం నీళ్లలో సూర్యుడు దిగడం మన తూర్పు తీరంలో ఉండదు, దానికోసం ఆగొద్దు.

49 సీట్ల బస్సు మాట్లాడండి. డ్రైవర్ బత్తా, ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తే డీజిల్ ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. బస్సును తారురోడ్డు దిగనివ్వకండి. ఇసకలో వెనక చక్రాలు దిగాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా కూరుకుపోతాయి. ఇక ట్రాక్టర్‌తో లాగించాల్సిందే.

గరిటె
5 కిలోల బియ్యం పులిహోరకు, 3 కిలోలు దద్దోజనానికి సరిపోతాయండి. పులిహోర వేడిమీద డబ్బాకెత్తితే మూతకు పట్టిన ఆవిరి నీరై కారి, మధ్యాహ్నానికి అన్నం జిగటవుతుంది. బేసిన్లలో పూర్తిగా ఆరబెట్టాకే ఎత్తండి. దద్దోజనంలో అంతా పెరుగే పోస్తే పులుస్తుంది. కాచి చల్లార్చిన పాలు పోసి గరిటెడు పెరుగు కలిపితే భోజనాల వేళకు కమ్మగా తోడుకుంటుంది.

నీళ్లు మనిషికి 3 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. కాళ్లు కడుక్కోడానికి బస్సు మెట్ల దగ్గర వేరే డ్రమ్ము. అక్కడ నీడంతా సరుగుడు చెట్లదే, ఉసిరి కొమ్మ ఇంటినుంచే తీసుకెళ్లండి.

ఒడ్డున
తిండి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, దయచేసి ఇది మాత్రం అందరికీ బస్సులోనే చెప్పండి. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు నిమ్మళంగా కనిపించే చోటే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీరు ఆ పాయలోంచే లోపలికి పోతుంది. అలలు లేవు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. లాగేస్తుంటే ఎదురీదొద్దు, ఒంట్లో సత్తువంతా పోతుంది. చెయ్యెత్తి పిలుస్తూ, తీరం వెంబడి పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి.

మోకాలి లోతు దాటనివ్వొద్దు. ముగ్గురు పిల్లలకొక పెద్ద, చేతిలో ఫోన్ లేకుండా, అరగంటకొకరు మారుతూ. ఆడవాళ్లు చుడీదార్లు వేసుకుంటే మంచిది, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని అల వెనక్కి లాగినప్పుడు పడేస్తుంది.

అరండల్‌పేట
చాలా ఉపయోగమండీ. బస్సులో వాంతులయ్యే పిల్లలు నలుగురున్నారు, వాళ్లకేం చెయ్యాలి?

సరుగుడుతోట
ముందు వరసల్లో కూర్చోబెట్టండి, వెనక చక్రాల మీది సీట్లలో కుదుపెక్కువ. ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు, రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వెయ్యాలంటే మోతాదు డాక్టర్ని అడిగి, బయల్దేరడానికి గంట ముందే వెయ్యండి. వాంతి మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది.