అప్‌డేట్: నాన్న హెచ్‌ఎంటీ జనతా వాచీ ఎందుకు ముందుకు పరిగెత్తిందంటే

కీ ఇచ్చే ఈ వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు వెళ్తోందని ఇక్కడ అడిగాను కదా. విజయనగరం గంటస్తంభం దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయనకు చూపించాను. ఆయన మూత కూడా తియ్యకుండా పక్కన దిక్సూచి పెట్టారు. ముల్లు ఊగిపోయింది! అయస్కాంతం పట్టిందట. మావాడు రాత్రిళ్లు దాన్ని స్పీకర్ మీద పెడుతున్నాడు మరి. అయస్కాంతం పడితే హెయిర్ స్ప్రింగ్ (లోపలి చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నటి తీగచుట్ట) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగ్ పొడవు తగ్గినట్టై చక్రం గబగబా ఊగుతుంది, వాచీ ముందుకు పోతుంది. చిన్న మిషన్ మీద పెట్టి క్షణంలో వదిలించేశారు.

ఇప్పుడు రోజుకు పావు నిమిషం లోపే తేడా. ఇంకా తగ్గించమంటే నవ్వి, "ఇది గంటకు 18,000 సార్లు కొట్టుకునే మిషన్ బాబూ, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ అయితే సెకనుకే 32,768" అన్నారు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (టైమ్ కచ్చితంగా చూపిస్తుందని పరీక్షించిన వాచీ) సర్టిఫికెట్‌కే రోజుకు సగటున 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు దాకా ఒప్పుకుంటారు. జనతాకి పావు నిమిషమంటే నాకు గొప్పే.

పడుకోబెడితే ఒకలా, నిలబెడితే ఒకలా నడుస్తుందని మీలో ఒకరు చెప్పింది నిజమే. మా వాచీ నిలబెట్టిన రాత్రి కాస్త వెనక్కి లాగుతోంది. పగలు ముందుకు పోయిన తేడా అలా సరిపోతోంది. కీ మాత్రం రోజూ పొద్దున్నే ఇస్తున్నాను.