లాన్ గేమ్‌లోకి బయటి ఊళ్ళ ఫ్రెండ్స్‌ని ఎలా రప్పించాలి? పోర్ట్ ఫార్వర్డ్ చేసినా రావట్లేదు

ప్రశ్న: అన్నా, ఇంట్లో నేనూ మా తమ్ముడూ చెరో ల్యాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడతాం. నేను 'ఓపెన్ టు లాన్' (ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళకి వరల్డ్ తెరిచే బటన్) నొక్కగానే వాడి మల్టీప్లేయర్ లిస్టులో వరల్డ్ దానంతటదే కనిపిస్తుంది. ఇప్పుడు వైజాగ్‌లో ఒక ఫ్రెండు, డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఇంకొకడు మేమూ వస్తామంటున్నారు. వీడియోలు చూసి రౌటర్‌లో 25565 పోర్ట్ (బయటివాళ్ళు గేమ్‌లోకి వచ్చే తలుపు నంబర్ లాంటిది) ఫార్వర్డ్ చేశాను, అంటే ఆ నంబర్‌కి వచ్చేవాటిని నా ల్యాప్‌టాప్‌కి పంపమని పెట్టాను, ఫైర్‌వాల్ ఆపేశాను, గూగుల్‌లో చూసిన ఐపీ వాళ్ళకి పంపాను. 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' తప్ప ఇంకేం రావట్లేదు. మాది హనుమకొండ, లోకల్ ఫైబర్ కనెక్షన్.

జవాబు: ముందు ఆ ఫైర్‌వాల్ మళ్ళీ ఆన్ చెయ్యి తమ్ముడూ, మిగతాది తర్వాత.

25565 అనేది విడిగా నడిపే సర్వర్‌కి డిఫాల్ట్ పోర్ట్. 'ఓపెన్ టు లాన్' నొక్కితే ప్రతిసారీ ఏదో ఒక కొత్త నంబర్ తీసుకుంటుంది, అది చాట్‌లో పడుతుంది. 1.19.3 నుంచి అక్కడే మనకి కావాల్సిన నంబర్ టైప్ చేసుకోవచ్చు. నువ్వు తెరిచిన పోర్ట్ ఒకటి, గేమ్ వింటున్నది ఇంకొకటి అయ్యుంటుంది.

కానీ నా అనుమానం వేరే. రౌటర్ పేజీలో 'వ్యాన్ ఐపీ' చూడు, అంటే ఇంటర్నెట్ కంపెనీ నీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్. గూగుల్ చూపించినదీ అదీ ఒకటేనా?

ప్రశ్న అడిగినవారు: కాదన్నా. రౌటర్‌లో 100.72తో మొదలవుతోంది. గూగుల్‌లో వేరే ఉంది.

జవాబు: అనుకున్నా. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి సీజీనాట్ అడ్రస్‌లు. ఐపీవీ4 అనే పాతరకం ఇంటర్నెట్ అడ్రస్‌లు సరిపోక కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకి పంచుతుంది. నువ్వు నీ ఫ్లాట్ తలుపు తీశావు, కింద గేటు తాళం మాత్రం వాళ్ళ దగ్గరుంది. రౌటర్‌లో ఎన్ని రాత్రులు కూర్చున్నా లాభం లేదు. పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడుగు, కొందరు నెలకి కొంత అదనంగా తీసుకుని ఇస్తారు. నేనైతే దానికి డబ్బు పెట్టను.

టెయిల్‌స్కేల్ గానీ జీరోటైర్ గానీ, ఈ రెండు ప్రోగ్రాముల్లో ఒకటి అందరూ వేసుకోండి. మీ ముగ్గురి కంప్యూటర్లనీ ఒకే ఇంట్లో ఉన్నట్టు కలుపుతాయి. రెండు వైపులా కనెక్షన్ లోపలి నుంచే మొదలవుతుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. జీరోటైర్‌లో నువ్వు నెట్‌వర్క్ తయారుచేసి, దాని 16 అక్షరాల ఐడీ వాళ్ళకి పంపాలి. వాళ్ళు చేరాక నీ పేజీలో ఒక్కొక్కరికీ అనుమతి టిక్ పెట్టాలి. చాలామంది ఈ టిక్ మర్చిపోయి మళ్ళీ ఇక్కడికే వస్తారు.

తర్వాత వాళ్ళు లిస్టు కోసం ఎదురుచూడకుండా 'డైరెక్ట్ కనెక్షన్'లో నీ జీరోటైర్ ఐపీ, కోలన్, చాట్‌లో పడిన పోర్ట్ కొట్టాలి. అందరి దగ్గరా గేమ్ వెర్షన్ ఒకటే ఉండాలి.

ఇంకొకరు: టెయిల్‌స్కేల్ వేసుకుంటే ఒక తికమక ఉంది. అది ఇచ్చే అడ్రస్‌లు కూడా 100తోనే మొదలవుతాయి, అదే సీజీనాట్ వరస. చూసి కంగారు పడొద్దు. పైగా లాన్ లిస్టుకి కావాల్సిన మల్టీకాస్ట్ (నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి వెళ్ళే పిలుపు) దాంట్లో వెళ్ళదు, కాబట్టి ఐపీ కొట్టాల్సిందే. ఎవరైనా బెడ్‌రాక్ ఎడిషన్ (ఫోన్లలో, కన్సోళ్ళలో ఆడే మైన్‌క్రాఫ్ట్) కోసం ఇది చదువుతుంటే మీది యూడీపీ 19132, జావాది టీసీపీ. ఇవి డేటా పంపే రెండు వేర్వేరు పద్ధతులు. ఫార్వర్డ్ చేసేటప్పుడు ఇది తప్పితే అంతే సంగతులు.

ప్రశ్న అడిగినవారు: జీరోటైర్ వేశాను, టిక్ పెట్టాను. వైజాగ్ వాడికి పింగ్ (కంప్యూటర్ అందుతోందో లేదో చూసే చిన్న సందేశం) వెళ్తోంది, గేమ్‌లోకి మాత్రం రాలేకపోతున్నాడు. ఫైర్‌వాల్ లిస్టులో మైన్‌క్రాఫ్ట్ పేరే లేదు.

జవాబు: ఆ పేరుతో ఉండదు. 'ఓపెన్‌జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ' అనో, 'జావా ప్లాట్‌ఫామ్ ఎస్‌ఈ బైనరీ' అనో వెతుకు. కొత్తగా వచ్చిన నెట్‌వర్క్‌ని విండోస్ 'పబ్లిక్' అనుకుంటుంది. నీ జావాకి 'ప్రైవేట్' దగ్గరే టిక్ ఉండి ఉంటుంది. జీరోటైర్ నెట్‌వర్క్‌ని 'ప్రైవేట్'కి మార్చు.

ప్రశ్న అడిగినవారు: వచ్చేశాడన్నా!! డాలస్ వాడూ వచ్చాడు. కానీ వాడు తవ్విన రాయి ఒక్కోసారి మళ్ళీ ప్రత్యక్షమవుతోంది.

జవాబు: అక్కడికీ ఇక్కడికీ పింగ్, అంటే సందేశం వెళ్ళి తిరిగొచ్చే టైమ్, 200 మిల్లీసెకన్లు దాటుతుంది, దూరం అలాంటిది, సెట్టింగ్ ఏదీ తగ్గించలేదు. ఇల్లు కట్టుకోవడానికి పర్లేదు, మీలో మీరు కొట్టుకునే ఆటలకైతే వాడు ఓడిపోతూనే ఉంటాడు. ఇంకోటి, నువ్వు గేమ్ మూసేస్తే అందరూ బయటికే. వాడికి సాయంత్రం అయ్యేసరికి నీకు తెల్లవారుతుంది కాబట్టి, పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే దాంట్లో మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మోజాంగ్ కంపెనీ ఉచితంగా ఇచ్చే సర్వర్ ఫైల్ పెట్టి, నీ వరల్డ్ ఫోల్డర్ అందులోకి కాపీ చెయ్యి. దాంట్లో కూడా జీరోటైర్ వేస్తే చాలు. అప్పుడు పోర్ట్ ఎప్పుడూ 25565 ఉంటుంది. రౌటర్‌లో ఇంతకుముందు పెట్టిన ఫార్వర్డింగ్ రూల్ మాత్రం తీసెయ్, దానితో ఇక పని లేదు.