ల్యాబ్‌లో ఉన్న మైనారిటీ పిల్లలు జియాలజీ మేజర్‌లోకి (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుగా) ఎందుకు రావట్లేదు? మీ అనుభవాలు చెప్పండి

రాతిపొర:
అమెరికాలో జియోసైన్స్ (జియాలజీ, వాతావరణం లాంటి భూమి శాస్త్రాలు) చదువుతున్నవాళ్ళు, చదివి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. నాది పీహెచ్‌డీ మూడో ఏడు, నాలుగు సెమిస్టర్లుగా ఫస్ట్ ఇయర్ ల్యాబ్ చెప్తున్నాను. ఇరవై నాలుగు మందిలో సగం హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న), నల్లజాతి పిల్లలే. అదే బిల్డింగ్‌లో పై అంతస్తుకెళ్ళి మేజర్స్‌కి చెప్పే స్ట్రక్చరల్ జియాలజీ క్లాసులోకి తొంగి చూస్తే వాళ్ళలో ఒక్కరూ కనబడరు. ప్రొఫెసర్‌ని అడిగితే "వాళ్ళకి ఇంట్రెస్ట్ ఉండదు" అని తేల్చేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పోయిన సెమిస్టర్‌లో ల్యాబ్ టైమ్ అయిపోయినా ఖనిజాల ట్రే వదలకుండా కూర్చున్నది ఒక హిస్పానిక్ అమ్మాయే, ఇప్పుడు నర్సింగ్‌లో ఉంది.

కంపాస్ పోయింది:
ఇంట్రెస్ట్ సంగతి తర్వాత, ముందు ఫీల్డ్ క్యాంప్ బిల్లు చూశారా? చాలా యూనివర్సిటీల్లో జియాలజీ డిగ్రీకి వేసవిలో ఐదారు వారాల క్యాంప్ తప్పనిసరి. ఫీజు వేల డాలర్లలో ఉంటుంది, పైగా బూట్లు, టెంట్, స్లీపింగ్ బ్యాగ్, రెయిన్ కోట్ మనమే కొనుక్కోవాలి. అసలు దెబ్బ అదీ కాదు, ఆ ఐదారు వారాల సంపాదన పోతుంది. నాతోపాటు చదివిన నల్లజాతి కుర్రాడు వేసవంతా గోడౌన్‌లో పనిచేసి ఇంటి అద్దెలో వాటా ఇచ్చేవాడు. డబ్బు లేదని చెప్పడానికి మొహమాటపడి, "కొండలెక్కడం నా వల్ల కాదు" అని అడ్వైజర్‌తో చెప్పి మేజర్ మార్చుకున్నాడు. మీ ప్రొఫెసర్ అంటున్న "ఇంట్రెస్ట్ లేదు" లెక్కలో ఇలాంటివాళ్ళు ఎంతమందో!

మేఘమాల:
నాది వాతావరణ శాస్త్రం. మా వైపు పనిచేసిన వాటిలో సోర్స్ (SOARS) ప్రోగ్రామ్ ఒకటి, కొలరాడోలోని బౌల్డర్‌లో యూకార్ (UCAR) అనే వాతావరణ పరిశోధన సంస్థ 1996లో మొదలుపెట్టింది. వేసవిలో జీతమిచ్చి రీసెర్చ్ చేయిస్తారు, ఒక్కొక్కరికీ సైన్స్ మెంటర్ వేరే, పేపర్ రాయడం నేర్పే మెంటర్ వేరే. దాన్నుంచి వచ్చిన ఒకమ్మాయి మా గ్రూప్‌లో ఉండేది. "జీతం ఇస్తారు అన్నాకే మా అమ్మ ఒప్పుకుంది" అని నవ్వుతూ చెప్పేది. ఇంకో మాట, వారెన్ వాషింగ్టన్ పేరు నేను మాస్టర్స్ సగంలో గానీ వినలేదు. అమెరికాలో వాతావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన రెండో నల్లజాతి వ్యక్తి, 1964లో పెన్ స్టేట్ నుంచి, తొలితరం క్లైమేట్ మోడళ్ళు కట్టినవాళ్ళలో ఒకరు. ఆయన పని లేకుండా మా సబ్జెక్ట్ లేదు, మరి క్లాసులో పేరెందుకు చెప్పరో.

రావు_డౌట్స్:
ఏమనుకోకండి, మనమూ ఇక్కడ మైనారిటీయే కదా. మనకెవరు కొనిపెట్టారు బూట్లు? కష్టపడే వచ్చాం.

రాతిపొర:
రావు గారూ, మనం వచ్చేటప్పటికే చేతిలో డిగ్రీ ఉంది, ఇక్కడ ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) జీతం ఉంది, మన పోలిక వేరు. 2018లో నేచర్ జియోసైన్స్ అనే జర్నల్‌లో వచ్చిన వ్యాసం చూడండి. 1973 నుంచి 2016 దాకా జియోసైన్స్ పీహెచ్‌డీల్లో ఏ జాతివాళ్ళు ఎంతమందో లెక్క తీశారు, అదీ అమెరికా పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లది మాత్రమే, అంటే వీసా మీద ఉన్న మనం ఆ లెక్కలోనే లేం. నలభై ఏళ్ళలో దాదాపు మార్పేమీ లేదని తేలింది. మిగతా సైన్సుల్లో అంతో ఇంతో కదలిక ఉంటే మన దగ్గర మాత్రం కష్టపడేవాళ్ళు పుట్టలేదంటారా?

ఎర్రమట్టి:
డబ్బు ఒక్కటే కాదు. నా ల్యాబ్‌మేట్ నల్లజాతివాడు, రోడ్డు పక్క కొండ కోసిన చోట శాంపిల్స్ తీసేవాళ్ళం. మారుమూల రోడ్లు, అతని చేతిలో సుత్తి. ఒక రోజు నేను కారులో నోట్స్ రాసుకుంటుంటే పికప్ ట్రక్కు ఆపి ఇద్దరు దిగి ఇక్కడేం పని అని అతన్నే నిలదీశారు. నన్ను చూశాక గొంతు తగ్గించారు. ఆ తర్వాత యూనివర్సిటీ పేరున్న మ్యాగ్నెట్ బోర్డు కారు తలుపుకి, రిఫ్లెక్టివ్ వెస్ట్ ఒంటికి, స్థల యజమానికి ముందే ఫోన్, అనుమతి లెటర్ జేబులో, ఇవి లేకుండా కదల్లేదు. ఆ లెటర్ అడ్వైజర్ తనంతట తాను ఇవ్వలేదు, అతనే రాసుకొచ్చి సంతకం పెట్టించుకున్నాడు. నాకు ఏళ్ళపాటు ఫీల్డ్ అంటే పిక్నిక్, అతనికి ప్రతి ట్రిప్పూ టెన్షనే.

నిశ్శబ్ద పాఠకుడు:
మొదటిసారి రాస్తున్నా. కాలేజీకొచ్చాక పిలవడం ఆలస్యం అనిపిస్తుంది నాకు. హైస్కూల్లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌కి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులున్నాయి, జియాలజీకి లేదు. ఇలాంటి ఉద్యోగం ఒకటుందనే పిల్లలకి తెలీదు. టెక్సాస్ యూనివర్సిటీలో జియోసైన్స్ చెప్పే జాక్సన్ స్కూల్ వాళ్ళ జియోఫోర్స్ ప్రోగ్రామ్ 2005 నుంచి హైస్కూల్ పిల్లల్నే పట్టుకుంది, ఏటా వేసవిలో ఫీల్డ్ ట్రిప్, నాలుగేళ్ళు అదే బ్యాచ్. మేము చిన్న స్థాయిలో ఒక స్కూల్‌తో ఒకరోజు ట్రిప్ పెట్టాం. తల్లిదండ్రుల్ని కూడా బస్సెక్కించాం, అదే మంచిదైంది. ఒక నాన్న రోజంతా అడిగింది ఒక్కటే, "దీంతో ఏం ఉద్యోగం వస్తుంది?" భూగర్భ జలాల కంపెనీలో పనిచేసే మా పాత స్టూడెంట్ ఒకామె స్పానిష్‌లో జీతం అంకెతో సహా చెప్పింది. ఆ పది నిమిషాలు మా స్లైడ్‌షో మొత్తం కంటే ఎక్కువ పనిచేశాయి.

మేఘమాల:
కానీ ఇప్పుడు ఇలాంటి ప్రోగ్రాములు నడపడం కష్టమవుతోంది. 2023లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని పరిగణించకూడదంది, 2025 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్ఎఫ్ (సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) ఇలాంటి గ్రాంట్లు చాలా రద్దు చేసింది. మా దగ్గర ఒక సమ్మర్ ప్రోగ్రామ్‌ని ఇంట్లో మొదటిసారి కాలేజీకొచ్చినవాళ్ళకి, తక్కువ ఆదాయం వాళ్ళకి అని మార్చి నడుపుతున్నారు, సీట్లు సగం.

రావు_డౌట్స్:
ఎర్రమట్టి గారి పోస్ట్ చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా. బూట్ల దగ్గరే ఆగిపోయాను నేను.

కంపాస్ పోయింది:
బూట్లంటే గుర్తొచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక బీరువా పెట్టాం, పాసై వెళ్ళేవాళ్ళు బూట్లు, టెంట్లు, హ్యాండ్ లెన్సులు అందులో వదిలి వెళ్తారు. పేరు రాయక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, తీసుకుపోవడమే. బ్రంటన్ కంపాస్ (రాతిపొరల దిశ, వాలు కొలిచేది) మాత్రం ఒకటి పోయింది, నా యూజర్ నేమ్ కథ అదే.

రాతిపొర:
అడగక్కర్లేదు అన్నది నచ్చింది. సోమవారం మా ల్యాబ్ మేనేజర్‌తో బీరువా గురించి మాట్లాడతా. ఆ నర్సింగ్ అమ్మాయికి కూడా మెయిల్ పెట్టాను, ఎందుకు వెళ్ళిపోయావని కాదు, జీతం వచ్చే సమ్మర్ రీసెర్చ్ ఒకటుంది, అప్లై చేస్తావా అని. జవాబొస్తే ఇక్కడ చెప్తా.