మా అమ్మాయి బీఏ ఫిలాసఫీ చదువుతానంటోంది, పంపమంటారా?

పాలేరు_అమ్మ:
నమస్కారం అండీ. మాది ఖమ్మం దగ్గర పల్లె. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, లెక్కలంటే ఇష్టం, మార్కులూ బాగానే వస్తాయి. దసరా సెలవులకి ఇంటికొచ్చి, ఎంసెట్ రాయను, సీయూఈటీ అనే సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ రాసి ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఫిలాసఫీ చదువుతాను అంది. అప్పటి నుంచి వాళ్ల నాన్న దానితో సరిగా మాట్లాడట్లేదు. నేను పదో తరగతి వరకే చదివాను. ఫిలాసఫీ అంటే వేదాంతం అనీ, టీవీలో చెప్పే ప్రవచనాల్లాంటిదనీ అనుకుంటున్నాను. కాలేజీలో చెప్పేది అదేనా? చదివాక పిల్ల ఏం చేస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది, చదివినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ముఖర్జీనగర్_నుంచి:
అక్కా, నేను ఢిల్లీలో అదే కోర్సు చదివాను. ప్రవచనాలు కాదు. మొదట్లోనే లాజిక్ చెప్తారు, అది మీ అమ్మాయికి లెక్కల్లాగే ఉంటుంది. వాన పడితే రోడ్డు తడుస్తుంది, రోడ్డు తడిసింది, కాబట్టి వాన పడింది, ఇది సరైన వాదనేనా? కాదు, నీళ్ల ట్యాంకర్ వెళ్లి ఉండొచ్చు. ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడం, గుర్తులు పెట్టి, ఏది ఎప్పుడు నిజం ఎప్పుడు అబద్ధం అని చూపే ట్రూత్ టేబుల్ వేసి నిరూపించడం మొదటి పని. తర్వాత ప్లేటో, డెకార్ట్, హ్యూమ్, కాంట్ లాంటి పాశ్చాత్య తత్వవేత్తలు, మన న్యాయ దర్శనం (పాతకాలపు తర్కం), బౌద్ధం, అద్వైతం, నీతిశాస్త్రం. చదివింది అప్పజెబితే మార్కులు రావు. నా మొదటి వ్యాసంలో డెకార్ట్ ఏమన్నాడో ఐదు పేజీలు శుభ్రంగా రాసిస్తే మేడమ్ కింద ‘మరి నువ్వేమంటావు?’ అని ఒక్క ముక్క రాసి తిరిగిచ్చారు, ఆ రోజు గదికెళ్లి ఏడ్చాను. కానీ అక్కడి నుంచే నాకు చదవడం వచ్చింది, ఇప్పటికీ ఏ పేపర్ చదివినా ముందు ఇందులో వాదన ఎక్కడుంది అనే వెతుకుతాను.

సీయూఈటీలో ఎంపీసీ సబ్జెక్టులు రాసి కూడా చేరవచ్చు, ఆ ఏడాది బులెటిన్ మాత్రం తప్పకుండా చూసుకోండి. మూడేళ్లకి డిగ్రీతో బయటికి రావచ్చు, కావాలంటే నాలుగో ఏడాది ఉంది. ఆ తర్వాత ఎల్‌ఎల్‌బీ మూడేళ్లది ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీని ఆప్షనల్‌గా, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుగా, తీసుకోవచ్చు, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు, మెరిట్‌కి లెక్కించే రాతపరీక్ష మొత్తం 1750లో. నేను ప్రస్తుతం అదే రాస్తున్నాను.

మధ్యలో_మానేసినవాణ్ని:
పైన చెప్పినవి నిజమే, కానీ ఇంకో సంగతి కూడా వినండి అండీ. నేను పది వరకు తెలుగు మీడియం, ఇంటర్‌లో కూడా ఇంగ్లీష్ బట్టీయే. ఫిలాసఫీలో చేరితే వారానికి ఎనభై పేజీల ఇంగ్లీష్ చదవమన్నారు, అదీ పాతకాలపు ఇంగ్లీష్. క్లాసులో మిగతావాళ్లు చేతులెత్తి వాదిస్తుంటే నా తలలో తెలుగులో ఉన్న మాట ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోయేది. ఏడాదికి మానేసి వచ్చేశాను. ఇప్పుడు బీకాం చేసి ఉద్యోగంలో ఉన్నాను. సబ్జెక్టు మీద కోపం లేదు, ముందు ఆరు నెలలు రోజూ చదివే అలవాటు చేసుకుని వెళ్లి ఉంటే నిలబడేవాణ్ని అనిపిస్తుంది. ఒకటే అడుగుతున్నాను, మీ అమ్మాయి ఇంగ్లీష్ పుస్తకం తనంతట తాను చదువుతుందా? సివిల్స్ గురించి కూడా, ఎంత మంది రాస్తారో ఎంత మందికి వస్తుందో మీకు తెలియనిది కాదు, దాన్ని నమ్ముకుని డిగ్రీ ఎంచుకోవద్దు.

విశాఖ_మాస్టారు:
అమ్మా, నేను చాలా ఏళ్లు ఫిలాసఫీ పాఠం చెప్పి రిటైరయ్యాను. నిప్పు లేనిదే పొగ రాదు అంటాం కదా, న్యాయ దర్శనం, అంటే మన పాత తర్కం, మొదలయ్యేది సరిగ్గా అక్కడే. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, వంటింట్లో లాగా. మరి తిరగేసి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుంది అనవచ్చా? అనకూడదు, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పచ్చి కట్టెలు తోడైతేనే పొగ. మొదట జవాబిచ్చినవాళ్లు చెప్పిన తడిసిన రోడ్డు కూడా ఇదే తప్పు. దీన్ని పిల్లలకి నేర్పే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేరని సామెత కూడా పుట్టింది. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ ప్రొఫెసర్‌గా చేశారు, 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. మనవాళ్లకి కొత్త చదువేం కాదమ్మా ఇది, మనం మరిచిపోయాం అంతే.

పాఠం చెప్పే ఉద్యోగాలు తక్కువ, దాచను. పీజీ తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పరిశోధనకి నెలకి 37,000 ఇస్తారు, కానీ అది వచ్చేవాళ్లు కొద్దిమందే. ఎంఏ మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే చేయవచ్చు, దానికీ సీయూఈటీ ఉంది.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. ఒక పది పేజీలు చదివించి, అందులో తనకి నచ్చని వాదన ఒకటి తీసుకుని ఎందుకు నచ్చలేదో ఒక పేజీ రాయమనండి. తెలుగులో రాసినా పర్లేదు. రాస్తూ భోజనం వేళ మరిచిపోయిందంటే పంపించండి.

పాలేరు_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. మానేసిన తమ్ముడూ, నీ మాట దాచకుండా చెప్పావు, అది మా అమ్మాయికి చదివి వినిపిస్తాను. మాస్టారూ, ఆ పది పేజీలు ఏ పుస్తకంలోవి? హాస్టల్లో ఫోన్ ఇవ్వరు, నేనే జిరాక్స్ తీయించి ఆదివారం తీసుకెళ్తాను.

విశాఖ_మాస్టారు:
డెకార్ట్ రాసిన మెడిటేషన్స్ అమ్మా, మొదటి రెండు అధ్యాయాలు చాలు. జాన్ వీచ్ ఇంగ్లీష్ అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అక్షరాలు పెద్దవిగా తీయమని చెప్పండి, పక్కన రాసుకోవడానికి మార్జిన్ కూడా వదలమనండి.