చలి తుఫానుకు ముందు: ప్యానెల్ సిద్ధమయ్యాకే జనరేటర్

అందరికీ నమస్కారం. మేము ఉత్తర అమెరికాలోని చలి ప్రాంతానికి వచ్చి ఏడు నెలలైంది. కిందటి నెలలోనే సొంత ఇంట్లోకి మారాము. మంచు తుఫాను గట్టిగా వస్తే రెండు మూడు రోజులు కరెంటు ఉండకపోవచ్చునని పొరుగువారు హెచ్చరించారు. ఇంటిని వెచ్చబరిచేది గ్యాస్ ఫర్నేస్, బేస్‌మెంట్‌లో చేరే నీటిని బయటికి తోడే సంప్ పంపు ఉంది, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఎన్ని వాట్ల జనరేటర్ కొనాలి? దాన్ని బట్టల డ్రయ్యర్ సాకెట్‌కు కలిపేస్తే ఇల్లంతటికీ కరెంటు వస్తుందని ఒక మిత్రుడు అన్నారు, అది నిజమేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

*

నమస్కారమండి. మీరు రెండోదిగా అడిగిన దానికే ముందు జవాబిస్తాను, ఎందుకంటే అది ప్రాణాలతో ముడిపడిన సంగతి. మీ మిత్రుడు చెప్పినట్లు చేస్తే కరెంటు నిజంగానే వస్తుంది, అందుకే ఆ సలహా ఇంతకాలంగా చేతులు మారుతూ బతికి ఉంది. అయితే అలా ఎక్కించిన కరెంటు మీ ఇంట్లోనే ఆగదు. ఇంటికంతటికీ కరెంటు కలిపే, ఆపే మెయిన్ బ్రేకర్ ఆన్‌లో ఉంటే అది మీటరు దాటి వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి నడుస్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మామూలు రోజుల్లో 7,200 వోల్టులను 240కి దించి మీకు ఇస్తుంటే, ఇప్పుడు మీ 240ని మళ్లీ 7,200కు పెంచి, చచ్చిపోయిందనుకున్న తీగలోకి పంపుతుంది. ఆ సమయంలో తీగ ముడివేస్తున్న లైన్‌మన్‌కు ఆ సంగతి తెలియదు. మెయిన్ ఆపేసి జాగ్రత్తగా చేస్తాం కదా అని కొందరు అంటారు. అర్ధరాత్రి, చలిలో, చీకట్లో, పాప ఏడుస్తుండగా ఆ బ్రేకర్ ఆపడం మరిచిపోరని ఎవరూ పూచీ పడలేరు. పైగా జనరేటర్‌ను డ్రయ్యర్ సాకెట్‌కు కలిపే, రెండు చివరలా పిన్నులున్న ఆ కేబుల్ ఒక చివర ఊడిందంటే, బయటికి కనిపిస్తున్న పిన్నులలో కరెంటు ఉంటుంది.

కనుక జనరేటర్ దుకాణానికి వెళ్లే ముందు మీ ప్యానెల్, అంటే ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టె, సంగతి చూడండి. నేను మొదటి ఏడాది ఈ వరుసను తలకిందులుగా చేశాను. బరువైన జనరేటర్ ముందు వచ్చింది, దాన్ని ఇంటికి కలిపే దారి మాత్రం లేదు. తుఫాను రాత్రి పొడిగింపు తీగలను కిటికీ సందులోంచి లోపలికి లాగి, ఆ సందులోంచి వచ్చే గాలిని దుప్పట్లతో మూస్తూ కూర్చున్నాము. ఫర్నేస్‌ను నేరుగా ప్యానెల్‌కు తీగలతో కలిపి ఉంటారు కనుక దానికి ప్లగ్గు లేదు. జనరేటర్ బయట మోగుతూనే ఉంది, ఇల్లు మాత్రం చల్లబడుతూనే ఉంది.

దీనికి సరైన మార్గాలు రెండు. మొదటిది ట్రాన్స్‌ఫర్ స్విచ్: ఎంపిక చేసిన కొన్ని సర్క్యూట్లను వీధి కరెంటు నుంచి జనరేటర్ వైపుకు, మళ్లీ వెనక్కి మార్చే వేరే పెట్టె. రెండోది ఇంటర్‌లాక్: ప్యానెల్ ముఖం మీద జరిగే ఒక లోహపు పలక. మెయిన్ బ్రేకర్ ఆన్‌లో ఉన్నంతసేపు అది జనరేటర్ బ్రేకర్‌ను ఆన్ చేయనివ్వదు, జనరేటర్ బ్రేకర్ ఆన్‌లో ఉంటే మెయిన్‌ను పైకి లేవనివ్వదు. మన జ్ఞాపకశక్తి మీద ఆధారపడకుండా ఆ పలకే అడ్డం నిలుస్తుంది. ఖర్చు తక్కువ, ఇంట్లోని ఏ సర్క్యూట్‌నైనా ఎంచుకునే వీలుంటుంది, అందుచేత నా ఓటు దానికే. అయితే మీ ప్యానెల్ తయారీకి, మోడల్‌కు సరిపోయేదే పెట్టించాలి. దానితోపాటు బయటి గోడకు జనరేటర్ కేబుల్‌ను కలిపే 30 ఆంపియర్ల ఇన్‌లెట్ పెట్టె వస్తుంది, దాని ద్వారా 240 వోల్టుల వద్ద 7,200 వాట్ల వరకు లోపలికి తీసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత, స్థానిక పర్మిట్ తీసుకుని, తనిఖీ అయ్యేలా చేయించండి. మొదటి మంచు పడ్డాక వాళ్లు దొరకరు, ఆకులు రాలే కాలంలోనే కబురు పెట్టండి.

ఆయన వచ్చినప్పుడే, వీధి తీగ ఇంటికి చేరేచోట గోడ వెంట పైకి లేచే గొట్టాన్ని కూడా చూడమనండి. మంచు పేరుకున్న కొమ్మ విరిగి తీగ మీద పడితే ఆ గొట్టం గోడ నుంచి ఊడి వస్తుంది. చాలా చోట్ల తీగ, మీటరు విద్యుత్ సంస్థవి, గొట్టం మాత్రం ఇంటి యజమానిది. మీ ఎలక్ట్రీషియన్ దాన్ని బాగు చేసేదాకా సంస్థ కరెంటు మళ్లీ కలపదు. వీధంతా వెలిగినా మీ ఇల్లొక్కటే చీకట్లో ఉండటానికి ఇదొక కారణం.

ఇప్పుడు వాట్ల లెక్క. గ్యాస్ ఫర్నేస్ మంటకు గ్యాస్ సరిపోతుంది కానీ వేడి గాలిని ఇంట్లోకి తోసే ఫ్యాన్‌కు కరెంటు కావాలి. అది సుమారు 400 నుంచి 800 వాట్లు తీసుకుంటుంది. అర హార్స్‌పవర్ సంప్ పంపు నడుస్తున్నప్పుడు 1,000 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెట్టింపో అంతకు మించో లాగుతుంది. ఫ్రిజ్ నడకలో 200 వాట్ల లోపే అయినా కంప్రెసర్ కదిలే క్షణంలో 1,000 దాటవచ్చు. ఇవి మూడూ ఒకేసారి మొదలవకుండా బ్రేకర్లను ఒక్కొక్కటిగా ఆన్ చేస్తే, నిరంతరంగా 5,000 వాట్లిచ్చే జనరేటర్ మీ ఇంటికి ధారాళంగా సరిపోతుంది. అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె తరచుగా మొదటి క్షణపు ఊపుది, మీరు చూడవలసింది నిరంతర వాట్లను. ఒక్కొక్కటీ 1,500 వాట్లు తినే గది హీటర్లను, డ్రయ్యర్‌ను, ఎలక్ట్రిక్ ఓవెన్‌ను మరిచిపోండి. అన్నట్టు, మీ ఫర్నేస్ గ్యాస్‌ది కాబట్టి ఈ లెక్క కుదిరింది. కరెంటుతోనే వేడిచేసే ఫర్నేస్‌కు 10 నుంచి 20 కిలోవాట్ల దాకా కావాలి, చేత్తో నెట్టుకెళ్లే జనరేటర్లతో అది అయ్యే పని కాదు.

ఇంధనం సంగతి చాలామంది తక్కువ అంచనా వేస్తారు. అంతటి జనరేటర్ సగం భారం మీద గంటకు సుమారు అర గ్యాలన్ పెట్రోలు తాగుతుంది, రోజంతా నడిపితే 12 గ్యాలన్లు. మూడు గంటలు నడిపి, ఇంటిని వెచ్చబరచి, మూడు గంటలు ఆపితే అందులో సగంతో సరిపోతుంది. నిల్వ పెట్టిన పెట్రోలు కొన్ని నెలల్లోనే చెడి, కార్బ్యురేటర్ సన్నటి రంధ్రాల్లో జిగురులా పట్టుకుంటుంది. కొన్న రోజే పెట్రోలు చెడకుండా ఉంచే స్టెబిలైజర్ ద్రవం కలపండి. జనరేటర్‌ను లోపల పెట్టేముందు ఇంధనపు కుళాయి మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. నెలకొకసారి పావు గంట ఏదైనా భారం మీద నడిపితే అన్నిటికన్నా మేలు. చలికాలానికి 5డబ్ల్యూ-30 సింథటిక్ ఆయిల్ పోయండి, ఎందుకంటే చిక్కటి ఆయిల్ గడ్డకట్టే చలిలో ఇంజిన్‌ను తిరగనివ్వదు. కొత్త ఇంజిన్‌కు మొదటి 20, 25 గంటల్లోపే ఆయిల్ మార్చాలి, నిరంతరాయంగా నడిపితే ఆ గంటలు ఒక్క రోజులోనే నిండిపోతాయి. కనుక తుఫానుకు ముందే ఒక ఆయిల్ డబ్బా అదనంగా ఉంచుకోండి.

*

పై మిత్రులు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. నేను ఇంటర్‌లాక్ పెట్టించక ముందు, ఫర్నేస్‌కు ఒక ప్లగ్గు అమర్పించి దాన్ని చిన్న ఇన్వర్టర్ జనరేటర్‌కు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో కరెంటును సరిదిద్ది ఇచ్చే రకం) నేరుగా కలిపి చూశాను. ఫ్యాన్ తిరిగింది, మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాగింది, మంట నీలంగా పట్టుకుంది, ఐదారు సెకన్లు వెలిగి టప్పున ఆరిపోయింది. మూడుసార్లు ఇదే జరిగాక ఫర్నేస్ ఇక వెలగకుండా తనంతట తాను లాక్ అయిపోయి, ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ నిలబడింది. టార్చి పట్టుకుని ఆ చిన్న కిటికీలోంచి మంటను చూస్తూ గంటసేపు కూర్చున్నాను, గ్యాస్‌లో లోపమేమోనని.

లోపం గ్యాస్‌లో లేదు. మంటలోంచి ఎర్త్‌కు పారే అతిస్వల్పమైన కరెంటును, అంటే మైక్రో ఆంపియర్లలో ఉండేదాన్ని, చూసి ఫర్నేస్ తన మంట వెలిగిందని నమ్ముతుంది. చాలా ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్, ఎర్త్ ఒకదానితో ఒకటి కలిసి ఉండవు. ఆ దారి లేకపోవడంతో మంట ఉన్నా లేదనుకుని ఫర్నేస్ గ్యాస్ కట్టేస్తుంది. ఇంటర్‌లాక్ ద్వారా ప్యానెల్‌కు కలిపితే న్యూట్రల్, ఎర్త్ అక్కడే కలిసి ఉంటాయి కాబట్టి ఈ చిక్కు తప్పుతుంది. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది: జనరేటర్‌లోనూ అవి కలిసి ఉండి, దాని సాకెట్‌కు జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు దారి తప్పితే వెంటనే ఆపేసేది) ఉంటే, ప్యానెల్‌కు కలిపిన మరుక్షణం అది ట్రిప్ అవుతుంది. అందుకని మీరు కొనబోయే మోడల్ ఏ రకమో ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఎంపిక దాని మీద కొంత ఆధారపడుతుంది.

*

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. జనరేటర్‌ను మంచులో పెట్టడం ఎలా? గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి గుమ్మం దగ్గర పెడితే సరిపోతుందా?

*

సరిపోదండి, ఇందులో బేరసారాలు లేవు. తలుపు తెరిచినా సరే గ్యారేజీలో పెట్టకూడదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అవతలి వైపుకు తిరిగేలా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తలనొప్పి వచ్చిందని పడుకున్నవారు లేవరు. 2021 ఫిబ్రవరి తుఫానులో టెక్సాస్ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కించిన 246 మరణాలలో 19 ఈ విషవాయువు వల్ల జరిగినవే. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా బ్యాటరీతో నడిచే అలారం పెట్టి, వెనకాల ముద్రించిన గడువు తేదీ చూడండి. కొన్ని ఏళ్లకే సెన్సర్ పనికిరాకుండా పోతుంది.

మంచు సంగతికొస్తే, నేలకు ఒక అడుగు ఎత్తున గట్టి అరుగు లాంటిది వేసి, పైన జనరేటర్ల కోసమే తయారైన కప్పు బిగించండి. టార్పాలిన్ కప్పితే ఇంజిన్ కాలిపోతుంది. నడుస్తున్నప్పుడు పెట్రోలు పోయవద్దు. ఆపి, చల్లబడనిచ్చి, అప్పుడే పోయండి. అలాగే ఫర్నేస్ పొగ, గాలి గొట్టాలు పక్కగోడ నుంచి బయటికి వస్తుంటే, వాటి నోళ్లు మంచులో కూరుకుపోకుండా గంటకొకసారి పారతో తీయండి. అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోవచ్చు లేదా విషవాయువు లోపలికే తిరిగి రావచ్చు.

1998 జనవరిలో క్యూబెక్, అంటారియో ప్రాంతాల మీద మంచువాన కురిసినప్పుడు వెయ్యికి పైగా ఉక్కు టవర్లు కూలి, కొన్ని ఇళ్లకు నెల రోజులకు పైగా కరెంటు లేదు. అంతటి రోజులు మీకు రావాలని కాదు కానీ, మూడు రోజుల లెక్కతో పెట్రోలు తెచ్చుకున్నవారికి నాలుగో రోజు బంకు దగ్గర కూడా కరెంటు ఉండదు. ఇక వీధి కరెంటు తిరిగి వచ్చినప్పుడు తొందరపడకండి. జనరేటర్ బ్రేకర్‌ను ఆపి, బరువైన సర్క్యూట్లన్నీ ఆఫ్‌లో ఉంచి, మెయిన్ ఎక్కించాక ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. జనరేటర్‌ను భారం లేకుండా ఐదు నిమిషాలు నడిపి అప్పుడు ఆపండి.

*

మీరు చెప్పిన ప్రకారం నిన్న ప్యానెల్ తలుపు తెరిచి చూశాను. లోపలి కాగితంలో ‘వంటగది’ అని రాసి ఉన్న బ్రేకర్‌ను ఆపితే ఫర్నేస్ ఆగింది. సంప్ పంపు దేనిమీద ఉందో రాసినవారికే తెలియాలి. మా ఆవిడ కింద నిలబడి కేకలు వేస్తుండగా ఒక్కొక్క బ్రేకర్‌నూ ఆపి, కొత్త కాగితం మీద పేర్లు రాసుకున్నాము. మొత్తం 26లో 11 పేర్లు తప్పులే. ఎలక్ట్రీషియన్ వచ్చే మంగళవారం వస్తానన్నారు. ఆయన వచ్చి వెళ్లాక, ఏ మోడల్ తీసుకున్నామో ఇక్కడే తెలియజేస్తాను.